అడవిలోకి మోసుకెళ్లిన నీళ్లు

పత్తికొండ

మా ఊరి శాఖా గ్రంథాలయంలో నల్లమల గురించి ఉన్న ప్రతి పుస్తకమూ నేను చదివాను. కొన్నిటిని రెండుసార్లు చదివాను. ఏడో తరగతితో నా బడి ఆగిపోయింది. ఆ తర్వాత నాకు తెలిసినవి రెండే చోట్లు, కుట్టుమిషను, గ్రంథాలయం. పగలంతా చొక్కాలు కుట్టి, పొద్దు వాలగానే చేతులు కడుక్కుని అక్కడికి పోయి కూర్చుంటే లైట్లు ఆర్పేదాకా లేచేవాణ్ణి కాను. కాబట్టి నల్లమల రాళ్లు ఎంత పాతవో, అక్కడి వాగులు ఏ నదిలో కలుస్తాయో, మబ్బులు మా పడమటి కర్నూలు మీదుగా వెళ్తూ కూడా ఎందుకు కురవవో నన్ను అడిగితే చెప్పగలను. అడిగేవాళ్లే తక్కువ.

ఎందుకంటే అందరూ మద్దిలేటిని అడుగుతారు.

మద్దిలేటి బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. దినపత్రిక తప్ప ఏదీ చదవడు, అదీ సినిమా పేజీ నుంచి మొదలుపెడతాడు. కానీ అతను అహోబిలం కొండల్లో ఉగ్రస్తంభం ఎక్కి వచ్చాడు. నరసింహస్వామి చీల్చుకుని బయటికొచ్చిన స్తంభం అదేనని జనం నమ్మే శిఖరం అది. నడిమికి చీలిన ఒంటి రాతి కొమ్ము. మద్దిలేటి ఎక్కింది ఎప్పుడో. ఆ ఒక్కసారి ఎక్కిన పేరుతో ఇన్నేళ్లుగా గ్రంథాలయం వరండాలో పక్కవాళ్ల టీ తాగుతున్నాడు.

మొన్న అక్టోబరులో లైబ్రేరియన్ మేడమ్ అందరినీ కూర్చోబెట్టి, నవంబరు గ్రంథాలయ వారోత్సవాల్లో ఒకరోజు నల్లమల గురించి మన పాఠకుల్లోనే ఒకరు మాట్లాడాలన్నారు. నేను వెంటనే లేచి నిలబడ్డాను. రాళ్ల వయసు దగ్గర మొదలుపెట్టాను. మద్దిలేటి కుర్చీలోంచి కదలకుండానే అడ్డం వచ్చాడు.

"అదంతా సరే గానీ, పైకి ఎక్కినావాప్పా?"

"ఎక్కకపోతే ఏమి? చదివినా."

"మైసూరుపాకు గురించి చదివితే నోరు తీపవుతాదా?"

అందరూ నవ్వారు. మేడమ్ నవ్వు ఆపుకుంటూ, "చూసినవాళ్లు చెబితే పిల్లలకు బాగుంటుంది కదండీ" అన్నారు. ఆ మాటతో నాకు చెవులు కాలాయి. వారోత్సవాల లోపల ఉగ్రస్తంభం ఎక్కి వస్తానని, అప్పుడు ఎవరు మాట్లాడాలో తేలుద్దామని అక్కడే ప్రకటించాను.

ఇంటికొచ్చి చెబితే మా ఆవిడ సుంకమ్మ హుక్కులు కుడుతూ తలెత్తకుండానే, "నేనూ వస్తా" అంది.

"నీకెందుకు? మోకాళ్లు నొప్పులంటావు."

"నీకు దారిలో రొట్టె ఎవురు పెడతారు, పుస్తకమా?"

ఈ ప్రయాణానికి నేను స్వయంగా చేసిన ఏర్పాటు ఒక్కటే. ఐదు లీటర్ల తెల్ల క్యానులో మూతి దాకా నీళ్లు నింపి, మూత కింద గుడ్డపీలిక పెట్టి బిగించాను. మా వైపు వాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. పక్క ఊరికి పెళ్లికి పోయినా నీళ్లు పట్టుకునే పోతాం. ట్యాంకరు వస్తుందో రాదో తెలియని ఊళ్లో పెరిగినవాడికి గడప దాటేటప్పుడు చెయ్యి దానంతటదే నీళ్ల దగ్గరికి పోతుంది. సుంకమ్మ క్యాను వైపు చూసి ముక్కు విరిచింది.

"ఆ అడివి నిండా వాగులంటివి కదప్పా?"

"పుస్తకంలో ఉండాయి. మనం పోయేనాటికి ఉండాల కదా?"

బేతంచెర్ల దాటాక

డోన్ దాకా చూడ్డానికి ఏమీ లేదు, అంతా మాదే. ఎర్ర నేల, తుమ్మ చెట్లు, చెనిక్కాయ చేలల్లో ఎండిన కట్టె, మార్కెట్టులో ధర లేక రోడ్డు పక్కన పోసిపోయిన టమోటాలు. బేతంచెర్లలో నాపరాళ్లు పలకలు పలకలుగా నిలబెట్టి ఉన్నాయి. నేల పొడిగా ఉన్నా ఈ ఊరికి భూమి కింద నుంచి బతుకు దొరికిందే అని కొంచెం కుళ్లుకున్నాను. అది ఆరంభం మాత్రమే.

బనగానపల్లె దాటి కోయిలకుంట్ల దారిలోకి వచ్చేసరికి నేల నల్లబడింది. తర్వాత పచ్చబడింది. కాలవ గట్టు వెంట బస్సు పోతుంటే కిటికీలో ఒకవైపంతా వరి. ఆ పచ్చదనం ఎంతసేపటికీ అయిపోదు. మా జిల్లాలో పుట్టిన పచ్చదనమే, మాకు మాత్రం బంధుత్వం లేదు. ఇప్పుడు జిల్లా కూడా వేరైపోయింది, నంద్యాల వాళ్లు నీళ్లతో సహా విడిపోయారు.

నా పక్కన కూర్చున్న రైతు మొహం దిగులుగా ఉంది. పలకరించాను.

"ఏం చెప్పేదప్పా, ఈసారి నీళ్లు ఎక్కువైపోయినాయి. మడి ఆరితే కద కోత పెట్టేది?"

నీళ్లు ఎక్కువైపోయినాయి! ఈ మాట నేను ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఆయన చెప్పులకు అంటిన బురద వైపు చూశాను. ఆ బురద మీద కూడా నాకు అసూయ కలిగిందంటే నమ్మండి. కిటికీ వైపు తిరిగి మళ్లీ ఆ మళ్లను చూస్తుంటే సుంకమ్మ మోచేత్తో పొడిచింది.

"అట్ల చూడాకు. ఎవురిదో పైరు. దిష్టి తగులుతాది."

"ఊరికే చూస్తాండా."

"నీ చూపు నాకు తెలీదా? తల తిప్పుకో."

తల తిప్పుకున్నాను. అటువైపు కాలవ ఉంది.

ఆళ్లగడ్డ

ఆళ్లగడ్డలో దిగగానే ఉలి చప్పుడు వినిపిస్తుంది. రోడ్డు పక్క రేకుల షెడ్లలో శిల్పులు దేవుళ్లను చెక్కుతుంటారు. పూర్తయిన దేవుళ్లు, సగం అయినవాళ్లు, మొహం ఇంకా రానివాళ్లు అందరూ దుమ్ము కప్పుకుని వరసగా నిలబడి ఉంటారు. 'ఎక్కడికి పోతాయి ఇవన్నీ' అని ఒకతన్ని అడిగితే ఉలి ఆపకుండానే, "ఎవురికి కావాలంటే వాళ్లకి" అన్నాడు.

హోటల్లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీ తిన్నాం. కర్నూలు సీమలో ఉగ్గాని మీద ప్రతి ఊరికీ ఒక అభిప్రాయం ఉంటుంది. మా ఊళ్లో బొరుగులు నీళ్లలో వేసి గట్టిగా పిండుతారు. ఇక్కడ మెత్తగా వదిలేశారు, పుట్నాల పొడి దండిగా చల్లారు. మా ఊరి కంటే ప్లేటుకు పది రూపాయలు ఎక్కువ. ఆ పది రూపాయలు న్యాయమేనని నోటితో ఒప్పుకోలేక ఊరుకున్నాను. సుంకమ్మ మాత్రం ఇంకో ప్లేటు చెప్పించుకుంది.

"ఏ ఊరు మీది?" అంది హోటలామె.

"పత్తికొండ."

"టమోటాలోళ్లా!" అని నవ్వి, నేను సగం తాగిన గ్లాసు తీసుకుని, మిగిలిన నీళ్లు దుమ్ము అణగడానికని వీధిలోకి విసిరేసి, కొత్తగా నింపి పెట్టింది. ఆ నీళ్లు పడిన చోటును నేను చాలాసేపు చూశాను. పడగానే ఇంకిపోయాయి. మా ఊళ్లో అయితే ఆ సగం గ్లాసుతో ఒక తులసిమొక్క బతికేది.

దిగువ అహోబిలం

సాయంత్రానికి దిగువ అహోబిలం చేరి సత్రంలో గది తీసుకున్నాం. వెనక పెరట్లో ఒక ఇనప గొట్టం లోంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. కింద బకెట్టు లేదు. మనిషి లేడు. ఎవరో కట్టేయడం మరిచిపోయారనుకుని పరుగెత్తి, కట్టే తిప్పుడు కోసం తడిమాను. గొట్టం చుట్టూ చూశాను, గోడ అవతలికి కూడా వంగి చూశాను. చివరికి అరచేత్తో మూశాను. చొక్కా అంతా తడిసింది.

పెరడు ఊడుస్తున్న ముసలామె చీపురు నిలబెట్టి నవ్వింది. పేరు ఓబులమ్మ. ఆ సత్రంలోనే పనిచేస్తుంది.

"దానికి తిప్పుడు లేదప్పా. కొండ నీళ్లు. ఎవురన్నా ఆపితే ఆగుతాయా?"

"రాత్రంతా ఇట్లనే పోతాయా?"

"నేను కాపురానికొచ్చినప్పటి నుంచి పోతాండాయి."

చొక్కా పిండుకుంటూ ఆమెతో మాటల్లో పడ్డాను. చలికాలంలో ఇక్కడి స్వామి పల్లకీ ఎక్కి ఊరూరా తిరిగి, తన పెళ్లికి రమ్మని జనాన్ని తానే పిలుస్తాడు. పారువేట అంటారు. దాన్ని గురించి నేను చదివిందంతా ఆమెకు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, "అవునప్పా, మా అమ్మగారి ఊరికొస్తే మా ఇంటి ముందరే దించుతారు" అంది. రోడ్డు మీద పోయే చుట్టాన్ని గురించి చెప్పినట్టు చెప్పింది. "చెంచోళ్లకైతే ఆయప్ప బావ. వాళ్ల పిల్లనే చేసుకున్నాడు కదా. పల్లకీ మీదికి బాణాలేసి ఎకసెక్కాలు ఆడతారు."

"మా పత్తికొండకు రాడా?"

"అంత దూరం యాడొస్తాడప్పా? మోసేటోళ్ల భుజాలు ఏం కావాల?"

దేవుడు పిలిచే ఊళ్లు, పిలవని ఊళ్లు అని రెండు రకాలున్నాయని అంతవరకు నాకు తోచలేదు. చుట్టాల్లో కలవనివాడిలా నిలబడ్డాను. సుంకమ్మ నా తడి చొక్కా లాక్కుని తాడు మీద ఆరేస్తూ, "పిలవకుండానే వచ్చినాము. ఇంక మొహం ఎత్తుకో" అంది.

ఎగువ అహోబిలం

పొద్దున్నే జీపులో ఎగువకు వెళ్లాం. అక్కడ ఊతకర్రలు బాడుగకు ఇస్తారు, గైడ్లు దొరుకుతారు. మాకు దొరికినతను ఓబులేసు. వయసు నలభై ఉండొచ్చు, నోరు ఒక్క క్షణం ఆగదు. రాయచోటి నుంచి వచ్చిన ఆడవాళ్ల గుంపు ఒకటి అతని కోసమే నిలబడి ఉంటే మమ్మల్నీ అందులో కలిపాడు. ఆ గుంపుకు పెద్ద రెడ్డెమ్మ. రాయచోటిలో పూలు అమ్ముతుంది. ఏడాదికి రెండు కొండలైనా ఎక్కకపోతే తనకు తోచదని చెప్పింది. భర్తలను తీసుకురారట.

"ఎందుకమ్మా?" అన్నాను.

"దారంతా ఇంగ ఎంత దూరం, ఇంగ ఎంత దూరం అంటారన్నా. సంకన పిల్లోళ్లే నయం."

గుడి వెనక నుంచి దారి వాగు వెంట పైకి పోతుంది. ఆ వాగు పేరు భవనాశిని. పుస్తకంలో ఆ పేరు పక్కన వానాకాలంలో మాత్రమే పారుతుందని ఉంది. అది రాసినాయన అక్టోబరులో వచ్చి ఉండడు. రెండు కొండల మధ్య ఇరుకులో నీళ్లు రాయి మీద నుంచి రాయి మీదికి దూకుతున్నాయి. పైన కొండలు పొరలు పొరలుగా, గ్రంథాలయం మూలన పేర్చిన పాత పత్రికల కట్టల్లా ఉన్నాయి. పొరల సందుల్లోంచి కూడా నీళ్లు ఊరుతున్నాయి. రాయికి చెమట పట్టినట్టుంది. మా ఊళ్లో మనుషులకే పడుతుంది చెమట.

ఒక కోతి వాగులో చెయ్యి ముంచి, ఆడుతూ నీళ్లు పక్క కోతి మీద చల్లింది. నేను నిజంగా కోప్పడ్డాను.

ఓబులేసు నా భుజం మీది క్యాను చూశాడు.

"ఏమప్పా అది? దీపాలకు నూనా?"

"నీళ్లు."

"యాడి నీళ్లు? గంగనీళ్లా?"

"పత్తికొండ నీళ్లు."

అతను నడక ఆపి గుంపంతటినీ వెనక్కి పిలిచాడు. "రాండమ్మా, ఈడ చూడండి! ఈయప్ప వాగు గట్టున నీళ్లు మోస్తాండాడు." రెడ్డెమ్మ దగ్గరికొచ్చి క్యాను తట్టి చూసింది. "స్వామికి అభిషేకానికా అన్నా?" అంది. సుంకమ్మ అందరికంటే గట్టిగా నవ్వింది. పారబోసి చేతులూపుకుంటూ రమ్మని ఓబులేసు నిజంగానే చెప్పాడు. మూత దాకా చెయ్యి పోయింది. తిప్పలేకపోయాను. నీళ్లు పారబోయడం నా చేతులకు రాని పని. ఎవరి చేతనైనా పారబోయించుకోవడం ఇంకా చేతకాదు. క్యాను ఈ భుజం నుంచి ఆ భుజానికి మార్చుకుని నడిచాను.

సుంకమ్మ ముందుకు పోయింది. మోకాళ్లు నొప్పులన్న మనిషి రాయచోటి ఆడవాళ్లతో బియ్యం ధరల నుంచి వియ్యపురాళ్ల దాకా మాట్లాడుకుంటూ, రొప్పకుండా ఎక్కుతోంది. ట్యాంకరు దగ్గర నుంచి మా మిద్దె మీదికి రోజూ బిందెలెక్కించే కాళ్లవి. కుర్చీలో కూర్చుని ప్రపంచమంతా తిరిగిన నా కాళ్లు వెనకబడ్డాయి.

జ్వాలా నరసింహుడి గుడి దారి, ఉగ్రస్తంభం దారి విడిపోయే చోటుకు కొంచెం ముందు వాగు దాటాలి. రాళ్ల మీద పాచి ఉంది. నా ముందున్నవాళ్లంతా చేతులు చాచి దాటారు. నా ఒక చేతిలో కర్ర, భుజం మీద క్యాను. నడి వాగులో కాలు జారింది. పడేటప్పుడు మామూలు మనిషి చేతులు నేలకు ఆనిస్తాడు. నేను రెండు చేతులూ పైకెత్తి క్యాను పట్టుకున్నాను.

ఓబులేసు నన్ను లేపి అవతలి ఒడ్డున బండమీద కూర్చోబెట్టాడు. చూస్తుండగానే చీలమండ వాచింది.

"కాలు మెలిపడింది. క్యాను మూత కూడా కదల్లే," అన్నాడు గుంపు వైపు తిరిగి. "ఈయప్ప నీళ్లలో పడి నీళ్లను కాపాడినాడు!"

తర్వాత నా వైపు తిరిగి నెమ్మదిగా, "పైన అంతా చేతులతో పాకాల. ఈ కాలుతో కాదప్పా. ఈడ్నే కూర్చో, దిగేటప్పుడు పిల్చుకపోతా" అన్నాడు.

వరండాలో మద్దిలేటి మొహం కనిపించింది నాకు. పైకి ఎక్కినావాప్పా? లేచి నిలబడ్డాను. నిలబడలేక కూర్చున్నాను.

నేను కూర్చుంటే సుంకమ్మ కూడా కూర్చుంటుందనుకున్నాను. అనుకోవడమే కాదు, అదే కోరుకున్నాను. ఇద్దరం ఎక్కకపోతే అది ఒక పద్ధతి. ఆమె వెనక్కి వచ్చి నా కాలు పట్టి చూసింది. తన కొంగు చించబోయి, మనసు మార్చుకుని నా తువ్వాలు చించి కట్టు కట్టింది. రొట్టెల మూట నా ఒళ్లో పెట్టింది. తర్వాత చీర కుచ్చెళ్లు ఎత్తి దోపుకుంది.

"యాడికి?"

"ఇంత దూరం వచ్చి ఎవురో ఒకరం చూడొద్దా?"

నా చేతిలోని ఊతకర్ర తీసుకుని పోయింది. ఆ కర్ర బాడుగ నేనే కట్టాను.

దారి చీలే చోటు

బండమీద నుంచి చూస్తే శిఖరం కనిపిస్తుంది. తల బాగా వెనక్కి వంచాలి. చెట్ల పైన రాయి, రాయి పైన ఇంకో రాయి, అన్నిటి పైన ఆ చీలిన కొమ్ము. ఒక మబ్బు వచ్చి దానికి తగులుకుని నిలబడింది. ఇదే మబ్బు పొద్దున మా ఊరి మీదుగా వచ్చి ఉంటుంది. మా దగ్గర నిలబడటానికి దానికి ఏమీ దొరకలేదు.

కాసేపటికి పైనుంచి దిగేవాళ్లు రావడం మొదలైంది. అప్పుడే పుస్తకాల్లో లేని సంగతి ఒకటి తెలిసింది. వాగు కిందనే. పైన చుక్క నీళ్లు లేవు. చాలామంది పట్టుకెళ్లినవి పైనే తాగేశారు. దిగేటప్పటికి నాలుకలు అంటుకుపోయి, వాగు నాలుగడుగుల్లో ఉందని తెలిసి కూడా నా తెల్ల క్యాను చూడగానే ఆగిపోతున్నారు.

మొదట ఒక హైదరాబాదు కుర్రవాడు ఆగాడు. రొట్టెల మూటలోని గ్లాసులో నీళ్లు పోస్తూ అడిగాను.

"పైన ఏముంది బాబూ?"

"సిగ్నల్ ఉందంకుల్, ఫుల్లుగా."

తర్వాత బళ్లారి వైపు నుంచి వచ్చిన ముసలి దంపతులు. ఆమె రాతి మీది స్వామి పాదాలు ముట్టుకున్నానని చెబుతూ మళ్లీ ఏడ్చింది. ఆయన, "గాలి అప్పా, గాలి. పంచె నిలువలేదు" అన్నాడు. ఒక లావుపాటి వ్యాపారి తనకు భయం తప్ప ఏమీ గుర్తులేదన్నాడు. జెండా ఉందా అని అడిగితే ఒకరు కాషాయం అన్నారు, ఒకరు ఎరుపు అన్నారు, ఇంకొకరు అసలు జెండా ఎక్కడుంది అన్నారు. పడమటి దిక్కు ఏం కనిపించిందని ప్రతి ఒక్కరినీ అడిగాను. ఎవరూ అటు చూడలేదు. అందరూ ఫొటోలు దిగడానికి తూర్పుకు తిరిగి నిలబడ్డారట, ఎండ మొహం మీద పడుతుందని.

గుటక గుటకకూ ఒక ముక్క రాబట్టాను. నా దగ్గర చాలా శిఖరాలు పోగయ్యాయి. కలిపి కుడితే వారోత్సవాల్లో గంటసేపు మాట్లాడవచ్చు. మద్దిలేటికి అనుమానం రాకుండా ఎక్కడ ఏ అతుకు వెయ్యాలో కూడా ఆలోచించుకున్నాను. గుడ్డముక్కలు కలపడం నా వృత్తి.

ఆ ఆలోచనలోనే క్యాను ఊపి చూస్తే అడుగున ఒక గ్లాసు మిగిలింది. అప్పుడే ఒకాయన చెయ్యి చాపాడు.

"లేవప్పా," అన్నాను.

"కనపడతాండాయి కదా?"

"అవి ఒక మనిషికి."

ఆయన నన్ను ఎగాదిగా చూసి వాగు దగ్గరికి పోయాడు.

సుంకమ్మ వచ్చేసరికి ఎండ మళ్లింది. జుట్టంతా రేగింది, మోచేతులు గీరుకుపోయాయి, ఒక చెప్పు పట్టీ తెగితే గుడ్డపీలికతో కట్టుకుంది. మొహం మాత్రం ఎన్నడూ చూడనట్టుంది. పెళ్లినాటి ఫొటోలో కూడా ఆ మొహం లేదు. పక్కన కూర్చుని గ్లాసు ఎత్తి ఆపకుండా తాగి, మూతి తుడుచుకుంది.

"ఉప్పగా ఉండాయి. మన నీళ్లే," అంది.

"ఏం చూసినావు?"

"శానా ఉండాది."

"శానా అంటే?"

"చెప్తాలే. ఆకలి."

రాయచోటి ఆడవాళ్లు చిత్రాన్నం విప్పారు. మా జొన్నరొట్టెలు వాళ్లు లాక్కున్నారు. తింటూ వాళ్లు పైన జరిగింది చెప్పుకుని పడి పడి నవ్వుతున్నారు. రెడ్డెమ్మ, "చేతులు వదిలిపెట్టి నిలబడింది చూడు సుంకక్క!" అంటే సుంకమ్మ ఆమె వీపు మీద చరిచింది. ఒక్క పూటలో సుంకక్క అయిపోయింది. ఏ మాటకు నవ్వుతున్నారో నాకు తెలియలేదు. నవ్వని మనిషిని ఆ బండమీద నేనొక్కణ్ణే.

కిందికి

నేను ఒక తప్పు చేశాను, అది కొండ మీద కాదు. తిరుగు బస్సులో చేశాను. కోయిలకుంట్ల దగ్గర సుంకమ్మ తనంతట తానే మొదలుపెట్టింది.

"ఆ రాయి ఉండాది చూడు, నడిమికి చీలి..."

"తెలుసు. పిడుగు పడి చీలిందని కొందరు, సహజంగానే అని కొందరు," అన్నాను.

ఆమె ఆగింది. కిటికీ వైపు చూసింది. బనగానపల్లెలో మళ్లీ, "గాలి ఎట్ల కొడతాదంటే..." అంది.

"అంత ఎత్తులో అడ్డం ఉండదు కదా, అందుకే," అన్నాను.

"అన్నీ తెలిసినోనికి నేనెందుకు చెప్పాల?" అని కళ్లు మూసుకుంది. డోన్ దాకా తెరవలేదు. నిద్ర కాదది, రెప్పలు కదులుతూనే ఉన్నాయి. లోపల అంతా మళ్లీ చూసుకుంటోంది. ఆ రెప్పల మీద కూడా అసూయపడ్డాను.

ఆ తర్వాత రోజులన్నీ ఇంట్లో శిఖరం ఉంది, నాకు మాత్రం దొరకలేదు. వాచిన కాలు పీట మీద పెట్టుకుని మిషను తొక్కుతూ అడిగేవాణ్ణి. బజ్జీలు తెస్తే తినేది. కొత్త చెప్పులు తెస్తే తొడుక్కునేది. "పుస్తకంలో చూసుకో" అనేది. సాయంత్రమైతే రెడ్డెమ్మ ఫోను. ఆ ఫోనులో మాత్రం కొండంతా గలగలా దొర్లేది, నేను పక్కకు వస్తే గొంతు తగ్గేది.

మళ్లీ పత్తికొండ

వారోత్సవాల్లో మా రోజు వచ్చింది. బడి పిల్లలు నేల మీద, పాఠకులు కుర్చీల్లో. బల్ల మీద మడిచిన శాలువా ఒకటి. మద్దిలేటి ముందు వరసలో కాలు మీద కాలేసుకుని కూర్చున్నాడు. నేను కుంటుతూ వెళ్లి నిలబడ్డాను. రాళ్లు, వాగులు, మబ్బుల గురించి బాగానే చెప్పాను. పిల్లలు విన్నారు కూడా. ఇక శిఖరం దగ్గరికి వచ్చాను.

"పైకి ఎక్కినావాప్పా?" అన్నాడు మద్దిలేటి.

బండమీద కుట్టుకున్న శిఖరమంతా నాలుక చివర ఉంది. గాలి ఉంది, పాదాలున్నాయి, జెండాకు కాషాయం ఖాయం చేసుకున్నాను. వెనక వరసలో సుంకమ్మ కొత్త చెప్పులతో కూర్చుని ఉంది. కోపంగా ఏమీ చూడలేదు. నేనేం చెబుతానో వినాలని ఆసక్తిగా చూస్తోంది, అంతే. అది ఇంకా కష్టం.

"నేను ఎక్కలే," అన్నాను. "మా ఆమె ఎక్కింది."

మద్దిలేటి నవ్వబోయి సగంలో ఆగాడు. మేడమ్ లేచి, "అయితే అమ్మా, మీరే రండి" అన్నారు. రానంటుందనుకున్నాను. నేరుగా నడిచొచ్చి నన్ను పక్కకు జరగమంది.

"నాకు ఈయప్ప మాదిరి చెప్పేది రాదు," అని మొదలుపెట్టింది. "రాయిని కరుచుకోని ఎక్కినాము. పైన ఇద్దరు నిలబడేంత చోటే. అందరూ అటు తిరిగి ఫొటోలు దిగుతాంటే నేను మన దిక్కు తిరిగినా. కింద అంతా పచ్చగా, తర్వాత మళ్లు, ఆ తర్వాత నేల ఎర్రగా అయిపోయి పొగమాదిరి ఉండాది. అదే మనది అనుకున్న్యా. ఇంత పెద్ద కొండ ఈడ కూర్చోని రోజూ మనల్ని చూస్తాండాది, మనకే తెలీదు అనుకున్న్యా." పిల్లలు ముందుకు జరిగారు. "తర్వాత కిందికి చూసినా. అడివిలో ఏమీ కనపడలే. ఒక్కటే తెల్లగా మెరుస్తాండె. ఈయప్ప క్యాను! వాగు గట్టున నీళ్లకు కావలి కూర్చున్న మనిషిని నేను ఆడ్నే చూసినా."

గది అంతా నవ్వింది. మద్దిలేటి చెయ్యెత్తాడు.

"అంత ఎత్తు నుంచి క్యాను యాడ కనపడతాదమ్మా?"

"నువ్వు ఎక్కినావు కదన్నా. కిందికి చూడలేదా?"

మద్దిలేటి చుట్టూ చూశాడు. "నేను... దండం పెట్టుకుని కండ్లు మూసుకున్న్యా," అన్నాడు.

ఆ రోజు తర్వాత వరండాలో అతనికి ఎవరూ టీ చెప్పలేదు. నేను అందుకు సంతోషించాలి. కానీ ఆ రోజు అతను కూడా పిల్లలతో పాటు సుంకమ్మ చుట్టూ చేరి, పైన ఎంతసేపు ఉన్నావు, భయం కాలేదా అని అడుగుతుంటే, రాళ్ల వయసు చెప్పిన నన్ను అడగడానికి ఎవరూ మిగల్లేదు. శాలువా ఆమె భుజాల మీద పడింది. ఇంటికొచ్చాక అంచు వదులుగా ఉందని కుట్టమని నాకే ఇచ్చింది.

రెండు రోజులకు రెడ్డెమ్మ ఫోను చేసింది. కడప దగ్గర లంకమల అడవుల్లో నిత్యపూజకోనకు పోతున్నారట, సుంకక్కను రమ్మంది. నన్ను రమ్మనలేదు. సంకన పిల్లోళ్లే నయం కదా.

బస్టాండు దాకా నేను పోయాను. పొద్దున్నే లేచి క్యాను నింపి, కొత్త గుడ్డపీలిక పెట్టి బిగించి భుజాన వేసుకొచ్చాను. బస్సు ఎక్కేముందు చేతికి అందిస్తే ఆమె తీసుకోలేదు. సంచిలోంచి ఒక ప్లాస్టిక్ సీసా తీసి చూపించింది. ఖాళీది. నాకు నమ్మకం కలగడానికి బోర్లించి ఊపింది కూడా. చుక్క రాలలేదు.

"ఆడ నింపుకుంటా," అంది.

పుట్టినప్పటి నుంచి ఈ బస్టాండు చూస్తున్నాను. ఖాళీ సీసాతో బస్సెక్కిన మనిషిని చూడలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుని, సీసా ఒళ్లో పెట్టుకుని, ఎటు పోతోందో అటే చూస్తోంది. బస్సు కదిలింది. నేను నిండు క్యాను పట్టుకుని, బస్సు మలుపు తిరిగేదాకా చూశాను. దిష్టి తగులుతుందని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.